దురద లేని మచ్చ

పోయిన సంచికలో గరాజ్ తలుపు స్ప్రింగు నేనే మార్చబోయి వేలు చితక్కొట్టుకున్న వైనం చదివి చాలామంది పరామర్శించారు. ధన్యవాదాలు, వేలు బాగానే ఉంది. ఈసారి రాసేది మా అమ్మ గురించి, ఆవిడ తొడ వెనకాల తొమ్మిదేళ్లుగా ఉన్న ఒక మచ్చ గురించి. ఇలాంటివి పత్రికలో రాస్తారా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాన్నకీ అలాగే అనిపించింది. అమ్మనడిగితే, "రాయి నాయనా, పేరు మాత్రం వేయొద్దు" అంది. కాసేపాగి, "నీ పేరుంటే నేనెవరో తెలీదా ఏంది జనానికి" అని తనే నవ్వింది. ఆ అనుమతితో రాస్తున్నాను.

అమ్మా నాన్నా మార్చి మధ్యలో వచ్చారు. అందరి అమ్మానాన్నల్లాగే రెండు పెట్టెల నిండా ఊరగాయలు, ఒక సంచి నిండా మందులు. అమ్మకి డెబ్బై రెండేళ్లు. బీపీ ఉంది, అంతకుమించి ఏమీ లేదని మా నమ్మకం. ఏప్రిల్‌లో ఒకరోజు బాత్‌రూమ్‌లో కాలు జారింది. ఎముకలేం విరగలేదు గానీ నడుం పట్టేసింది. వేడినీళ్ల కాపడం పెడుతూ నా భార్య ఆ మచ్చ చూసింది. రాత్రి పిల్లలు పడుకున్నాక, "అత్తయ్యకి కాలి వెనక అరచెయ్యంత మచ్చ ఉంది, మీకు తెలుసా?" అంది.

తెలుసు. అదే ఇందులో ఇబ్బందికరమైన విషయం. నాలుగేళ్ల కిందట ఫోన్‌లో అమ్మ చెప్పింది, "కాలిమీద తామర లాగా ఉంది, పోవడం లేదు" అని. నేను కాన్ఫరెన్స్ కాల్ మ్యూట్‌లో పెట్టి ఆ మాట విన్నాను. ఆ వారమే ఎవరో ఇండియా వెళ్తుంటే ఫార్మసీలో హైడ్రోకార్టిసోన్ ట్యూబులు నాలుగు కొని పంపాను. కొంచెం తగ్గినట్టుంది అంది. టికెట్ క్లోజ్ చేశాను. మా వృత్తిలో ఒక పాపం ఉంది: ఎర్రర్ మెసేజ్ కనిపించకుండా చేసి, బగ్ పోయిందనుకోవడం. స్టెరాయిడ్ క్రీము చేసింది సరిగ్గా అదే. ఎర్రదనం తగ్గించింది, అడుగున ఉన్నది అలాగే పెరిగింది.

మర్నాడు పొద్దున అమ్మ దగ్గర కూర్చుని మొదటినుంచీ అడిగాను. మొదట సెనగగింజంత బొడిపె. నొప్పి లేదు, దురద లేదు. ఏడాదికి రూపాయి బిళ్లంత అయింది. తర్వాత ఒక పక్కకి పాకుతూ పోయింది. పాత భాగం మానిపోయి పల్చటి ముడతలు పడ్డ చర్మంలా తయారైంది, కొత్త అంచు మాత్రం ఎర్రగా, ఉబ్బెత్తుగా ముందుకు నడుస్తోంది. ఎక్కడెక్కడ చూపించుకుందో చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. మందుల షాపులో అడిగితే తామర ట్యూబు ఇచ్చారు. ఒక డాక్టరు ఎగ్జిమా అన్నారు, ఇంకొకరు సోరియాసిస్ అన్నారు. ఒకాయన కుష్టేమో అని దూదితో ముట్టుకుని చూసి, స్పర్శ ఉంది కాబట్టి కాదన్నారు. ఆ మాట విన్న రోజునుంచి అమ్మ ఎవరికీ చూపించడం మానేసింది. ఆ "ఏమో" అనే రెండక్షరాలు చాలు, పల్లెటూళ్లో ఒక ఆడమనిషి నోరు మూయించడానికి.

మా కుటుంబ డాక్టరు చూసి చర్మవైద్యురాలి దగ్గరకి పంపారు. మే నెల మొదట్లో దొరికింది అపాయింట్‌మెంట్. డాక్టరు ఆడమనిషి కావడం మా అదృష్టం. నేను తెర ఇవతల కూర్చుని దుబాసీ పని చేశాను, నా భార్య తెర అవతల.

ఆవిడ మందు రాయలేదు. ప్రశ్నలు వేసింది. దురద ఉందా? లేదు. ఒక పక్క మానుతూ ఇంకో పక్క పెరుగుతోందా? అవును. అక్కడ ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? గుర్తులేదు. ఇంట్లో చేపల తొట్టి ఉందా? ఈ ప్రశ్న తెలుగులోకి మార్చి చెప్పగానే అమ్మ నవ్వాపుకోలేకపోయింది, మేం గుడ్డు కూడా ముట్టని వాళ్లం. కానీ ప్రశ్నకి అర్థం ఉంది. క్షయ సూక్ష్మజీవికి దాయాదులు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఒకటి చేపల తొట్టి నీళ్లలో ఉంటుంది. చేతిమీద గీరుకుంటే అచ్చం ఇలాంటి పుండే తెస్తుంది. ఆ తర్వాత, "ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?" అని అడిగింది. అమ్మ వెంటనే "లేదు" అంది. నేను కూడా అదే చెప్పాను, నాకు తెలిసినంతవరకూ నిజమే కదా.

డాక్టరు గాజు పలక ఒకటి తీసుకుని మచ్చ మీద నొక్కి చూసింది. గాజు నొక్కితే రక్తం పక్కకి పోతుంది, ఎరుపు మాయమవుతుంది. కింద ఉన్న అసలు రంగు కనిపిస్తుంది. పుస్తకాల్లో ఈ జబ్బుకి యాపిల్ జెల్లీ రంగు చుక్కలు కనిపిస్తాయని రాస్తారు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు తెల్లవాళ్లు, వాళ్లు చూసిన చర్మమూ తెల్లదే. చామనఛాయ చర్మం మీద ఆ రంగు పట్టుకోవడం కష్టమని ఆవిడే ఒప్పుకుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఐరోపాలో ఈ రకం ఎక్కువగా ముఖం మీదా మెడ మీదా వచ్చేది. మన దేశంలో పిరుదులు, తొడలు, కాళ్లమీద ఎక్కువగా కనిపిస్తుంది. అంటే మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎవరికీ చూపించని చోట.

ఆవిడ అనుమానించిన జబ్బు పేరు లూపస్ వల్గారిస్, చర్మ క్షయలో ఒక రకం. ఈ పేరుతో మా ఇంట్లో మరో గొడవ. లూపస్ అనగానే అక్క ఫోన్‌లో వెతికేసి, "అది ప్రాణాంతకమట, జీవితాంతం స్టెరాయిడ్లు వాడాలట" అని ఏడుపు మొదలుపెట్టింది. అది వేరే లూపస్. లాటిన్‌లో లూపస్ అంటే తోడేలు. తోడేలు కొరికినట్టు ముఖాన్ని తినేసే జబ్బులకి పాతకాలం వైద్యులు ఆ పేరు పెట్టుకున్నారు, అది రెండిటికీ అతుక్కుపోయింది. ఒకటి శరీరం తనమీద తానే చేసుకునే యుద్ధం. రెండోది క్షయ. మొదటిదానికి స్టెరాయిడ్లు మందు, రెండోదానికి అవే అపకారం. ఒకే పేరు రెండు వేరియబుల్స్‌కి పెట్టకూడదని మొదటి సెమిస్టర్‌లోనే చెబుతారు మాకు!

చర్మానికి క్షయ రావడమేమిటని నాకూ అనిపించింది. క్షయ అంటే దగ్గు, రక్తం, పాత సినిమాల్లో హీరోయిన్ తెల్ల చేతిరుమాలు. నిజానికి ఆ సూక్ష్మజీవి గోళ్లకీ వెంట్రుకలకీ తప్ప ఎక్కడికైనా వెళ్లగలదట. ఊపిరితిత్తుల బయట వచ్చే క్షయల్లో చర్మానిది నూటికి ఒకటో రెండో. తక్కువే. కానీ తక్కువ అన్నమాట ఏ సంఖ్యలో అనేది చూడాలి. 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు కోటీ ఎనిమిది లక్షల మందికి క్షయ వస్తే, అందులో నాలుగోవంతుకు పైగా మన దేశంలోనే. అదే ఏడాది అమెరికా మొత్తంలో పదివేలు కూడా లేవు, ఉన్నవాటిలో నాలుగింట మూడొంతులు బయట పుట్టినవాళ్లవి. అక్కడి డాక్టర్లకి తామర ఎంతగా కనిపిస్తుందంటే ప్రతి గుండ్రటి మచ్చా తామరే. ఇక్కడి డాక్టర్లకి చర్మ క్షయ అసలు కనిపించదు. అమ్మ మచ్చ ఈ రెంటి మధ్యా తొమ్మిదేళ్లు దాక్కుంది.

ఆ రోజే ముక్క తీశారు. ఇక్కడ ఒక సంగతి మీకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది ముందే అడక్కపోతే తర్వాత ఏడ్చినా లాభం లేదు. చర్మం ముక్క తీసి మామూలుగా ఫార్మలిన్ సీసాలో వేస్తారు. మైక్రోస్కోపు కింద చూడటానికి అది బాగుంటుంది. కానీ ఫార్మలిన్ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. చచ్చినవాటిని కల్చర్ చేయలేరు కదా! అందుకని మా డాక్టరు రెండు ముక్కలు తీసింది, ఒకటి ఫార్మలిన్‌లో, ఇంకోటి ఉప్పునీటిలో. రెండూ ఎర్రగా పెరుగుతున్న అంచునుంచే తీసింది, మానిన నడిమి భాగంనుంచి కాదు. మానిన చోట మచ్చ తప్ప జబ్బు ఉండదు.

ఇంటికొచ్చాక నాన్న తన పాత ఫైలు తెచ్చారు. ఊళ్లో బట్టల షాపువాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు అది. అందులో కరెంటు బిల్లుల మధ్య ఒక కాగితం. అయిదేళ్ల కిందట అక్కడే ఒకచోట ముక్క తీసి పరీక్ష చేయించారట! అమ్మ ఆ సంగతే మర్చిపోయింది. రిపోర్టు చివర రెండు లైన్లు: గ్రాన్యులోమాలు కనిపిస్తున్నాయి, రోగి లక్షణాలతో సరిపోల్చుకోవలసింది. ఆ కాగితం పట్టుకుని ఎవరూ ఏమీ సరిపోల్చలేదు. రాసిచ్చినాయన రోగిని చూడలేదు. రోగిని చూసినాయన ఆ లోపల ఇంకో ఊరికి బదిలీ అయిపోయాడు. లాగ్‌ఫైల్‌లో వార్నింగ్ స్పష్టంగా ఉంది, చదివిన మనిషే లేడు. నేనేం తక్కువ తిన్నానా, ఆ మరుసటి ఏడాదే కదా ట్యూబులు పంపింది. ఒక్కసారి "ఏమైనా పరీక్షలు చేయించారా? కాగితాలు ఫోటో తీసి పంపండి" అని అడిగుంటే సరిపోయేది.

గ్రాన్యులోమా అంటే ఏమిటో డాక్టరు చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. శరీరం తాను చంపలేని శత్రువు చుట్టూ తన కణాల్ని గోడలా కట్టేస్తుంది. ఆ గోడే గ్రాన్యులోమా. లోపల జున్నుముద్దలా చచ్చిన పదార్థం ఉంటే క్షయ అనుమానం బలపడుతుంది, కానీ ఈ రకంలో అది చాలాసార్లు ఉండదు. గోడ కనిపించినంత మాత్రాన లోపలున్నది ఎవరో తెలియదు. క్షయ కావచ్చు, కుష్టు కావచ్చు, లోతుగా దిగిన ఫంగస్ కావచ్చు, సార్కాయిడ్ అనే మరో జబ్బు కావచ్చు. అనుమానితుల జాబితా తగ్గుతుంది, దొంగ మాత్రం దొరకడు.

పది రోజులకి ఇక్కడి రిపోర్టు వచ్చింది. గ్రాన్యులోమాలు ఉన్నాయి, పెద్ద పెద్ద కణాలూ ఉన్నాయి. ఫంగస్ రంగు వేసి చూస్తే లేదు. క్షయ సూక్ష్మజీవికి వేసే రంగు వేసి చూస్తే, అదీ లేదు. సూక్ష్మజీవి జన్యుపదార్థం కోసం చేసే పీసీఆర్ కూడా నెగటివ్. నాన్న ముఖం వెలిగిపోయింది. "లేదన్నారు కదా, ఇంకెందుకు?" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. టెస్ట్ ఫెయిలయిందంటే బగ్ ఉన్నట్టు, పాసయిందంటే లేనట్టు. ఇరవై ఏళ్లుగా నా బుర్ర అలాగే పనిచేస్తోంది.

డాక్టరు కాదంది. ఈ జబ్బులో చర్మంలో ఉండే సూక్ష్మజీవులు అతి తక్కువ. అమ్మ శరీరం వాటితో బాగా పోరాడుతోంది కాబట్టే తొమ్మిదేళ్లయినా అరచేతిని దాటలేదు. గడ్డివాములో సూదులు రెండే ఉన్నప్పుడు గుప్పెడు గడ్డి తీసి చూసి "సూది లేదు" అనడం న్యాయం కాదు. ఆ రంగు పరీక్ష ఇలాంటి కేసుల్లో చాలాసార్లు నెగటివే వస్తుందట. పీసీఆర్ కూడా నమ్మకంగా పట్టుకోలేదట. పాజిటివ్ వస్తే పండగే, నెగటివ్ వస్తే ఏమీ చెప్పనట్టే.

మరి రక్తపరీక్ష? దానికి ఉల్టా సమస్య. మన చిన్నప్పుడు చేతిమీద సూది పొడిచి రెండు మూడు రోజుల తర్వాత వాపు కొలిచే మాంటూ పరీక్ష ఉండేది. బీసీజీ టీకా వేసుకున్నవాళ్లకి అది ఊరికే పాజిటివ్ చూపించవచ్చు. ఇప్పుడు రక్తంతో చేసే పరీక్షకి ఆ గొడవ లేదు, బీసీజీలో లేని ప్రొటీన్లు వాడతారు. మనలో గ్రీన్‌కార్డ్ కోసం ఈ మధ్య ఇక్కడే మెడికల్ చేయించుకున్నవాళ్లందరికీ ఈ పరీక్ష అయ్యే ఉంటుంది. అమ్మకి పాజిటివ్ వచ్చింది. కానీ అది చెప్పేది సూక్ష్మజీవితో ఎప్పుడో పరిచయం అయిందని మాత్రమే. ఇప్పుడు జబ్బుగా ఉందా, నిద్రపోతోందా అని చెప్పదు. 2019 నుంచి 2021 దాకా మన దేశంలో చేసిన సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి ముప్పై ఒక్కరికి ఆ పరిచయం ఉన్నట్టు తేలింది. వీళ్లలో చాలామందికి ఎప్పటికీ జబ్బు రాదు. కాబట్టి మన ప్రాంతపు మనిషికి పాజిటివ్ అంటే సగం సాక్ష్యం కూడా కాదు.

ఆ రాత్రి నేను ఊరుకోలేక స్ప్రెడ్‌షీట్ ఒకటి తయారు చేశాను. ఒక్కో పరీక్షకి ఒక్కో వరస. జబ్బు ఉంటే ఈ ఫలితం ఎంత తరచుగా వస్తుంది, లేకపోతే ఎంత తరచుగా వస్తుంది. నా భార్య చూసి, "మీ అమ్మని కూడా ప్రాజెక్ట్ చేసేశారా?" అంది. చేశాను. కానీ ఆ లెక్క వేశాకే నాకు బోధపడింది, నెగటివ్ వచ్చిన రెండు పరీక్షలూ కలిపి త్రాసుని కదిలించింది ఎంత కొంచెమో. కదిలించినవి వేరే. దురద లేకపోవడం, ఒక పక్క మానుతూ ఇంకో పక్క నడవడం, తొమ్మిదేళ్ల కాలం, గ్రాన్యులోమాలు. ఇవన్నీ మనిషిని అడిగి, చూసి తెలుసుకున్నవి. మిషన్ చెప్పినవి కావు.

త్రాసుని గట్టిగా కదిలించినది ఇంకొకటి ఉంది, అది ఆ మర్నాడు బయటపడింది. వంటింట్లో బీన్స్ తుంచుతూ అమ్మ తలెత్తకుండా చెప్పింది. "ఆ పొద్దు డాక్టరమ్మ అడిగింది కదా. మా పెద్దమామకు ఉన్నింది. ఆరోగ్యవరంలో పెట్టిండారు. మా అమ్మ అన్నం కట్టిస్తే నేనూ మా నాయనా తీసకపోతా ఉంటిమి. ఇంటికొచ్చినాక మామ దగ్గరే పడుకుంటా ఉంటిని, కతలు చెప్తా ఉన్నింది." మరి అప్పుడు ఎందుకు లేదన్నావు అంటే, "ఎవురికీ చెప్పొద్దని మా అమ్మ ఒట్టేయించుకునిండె" అంది. అరవై ఏళ్ల నాటి ఒట్టు! మా నాన్నకి కూడా తెలియదు ఆ సంగతి.

మా అమ్మ పుట్టిల్లు వాయల్పాడు దగ్గర. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. దాన్ని నడిపిన మొదటి వైద్యుడు ఫ్రిమోడ్ట్ మోలర్ డెన్మార్క్ మనిషి. మన దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా 1948లో ఆ మదనపల్లెలోనే. చిత్రం ఏమిటంటే, లూపస్ వల్గారిస్‌కి పనిచేసే వైద్యం మొదట కనిపెట్టినాయన కూడా డెన్మార్క్‌వాడే. నీల్స్ ఫిన్సెన్ అని. పెద్ద దీపం కాంతిని కటకాలతో ఒకచోటికి చేర్చి రోగుల ముఖాలమీద గంటల తరబడి పడేట్టు చేసేవాడు. 1903లో నోబెల్ బహుమతి ఇచ్చారు, మర్నాడే అన్నట్టు 1904లో నలభై మూడేళ్లకే పోయాడు. మాత్రలు వచ్చాక ఆ దీపాలు మ్యూజియాలకి వెళ్లాయి. దారి తప్పాను, క్షమించాలి, కానీ మా ఊరికీ కోపెన్‌హేగెన్‌కీ ఈ మచ్చ ద్వారా ఒక లింకు కుదరడం నాకు వింతగా అనిపించింది.

డాక్టరుకి ఫోన్ చేసి పెద్దమామ సంగతి చెప్పాను. అప్పుడు అంటిందో, తర్వాత ఎక్కడ అంటిందో ఎవరూ చెప్పలేరంది. కానీ చెప్పినందుకు అమ్మకి థాంక్స్ చెప్పమంది. ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీశారు, శుభ్రంగా ఉంది. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేశారు. ఎందుకో అమ్మకి నేను చెప్పలేదు, క్షయ ఉన్నవాళ్లందరికీ చేస్తారని నాకు చెప్పారు. నెగటివ్.

కల్చర్ ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకూ ఆగకుండా జూన్ మొదటివారంలో మందులు మొదలుపెడదామన్నారు. ఒట్టి అనుమానంతోనా అని నాన్న అభ్యంతరం. ఒట్టి అనుమానం కాదు, ఇన్ని సాక్ష్యాలు ఒకే వైపు చూపిస్తున్నాయి, వదిలేస్తే మచ్చ అలాగే పాకుతుంది, ఏళ్లు గడిస్తే అందులో కాన్సర్ కూడా పుట్టే ప్రమాదం ఉందన్నారు. మందులకి అయిదారు వారాల్లో మచ్చ లొంగకపోతే, మన నిర్ణయమే తప్పేమో అని మళ్లీ మొదటినుంచి ఆలోచిద్దామన్నారు. అంటే మందు కూడా ఒక పరీక్షే. అయితే దీన్ని అడ్డదారిగా వాడకూడదని కూడా హెచ్చరించింది డాక్టరు. ఈ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ కుష్టుమీద కూడా పనిచేస్తుంది. కాబట్టి ముక్క తీయకుండా, ముందు మందు వేసి చూద్దామనేవాళ్లు తగ్గిన తర్వాత కూడా ఏం తగ్గిందో తెలుసుకోలేరు.

ఇంట్లో అసలు గొడవ మందుల గురించి కాదు. క్షయ అని తేలితే ఆరోగ్యశాఖకి తెలియజేయాలి, చట్టం. అమ్మ మొదటి ప్రశ్న, "పోలీసులొస్తారా?" నాన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పొద్దు, పెద్దదాని కూతురికి సంబంధాలు చూస్తున్నారు." అక్క కూతురు ఫోన్‌లో ఈ మాట విని, "అమ్మమ్మ కాలిమీద మచ్చ చూసి వద్దనేవాడు నాకొద్దు తాతయ్యా" అంది. ఆ పిల్లకి ఇరవై అయిదేళ్లు. మా అందరికన్నా తనకే బుర్ర ఉందనిపించింది.

పోలీసులు రాలేదు. కౌంటీనుంచి ఒక నర్సు వచ్చింది, గుమ్మంలోనే బూట్లు విప్పి. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి ఈ మచ్చవల్ల మామూలుగా ఎవరికీ అంటదని, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చని ఆవిడ చెప్పినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, నెలరోజులుగా అమ్మ మా చిన్నదాన్ని ఎందుకు దగ్గరకి తీసుకోవడం లేదో. నడుం నొప్పి అని చెబుతోంది అంతవరకూ.

మందులు కౌంటీ ఊరికే ఇచ్చింది. ముక్క పరీక్షలకీ డాక్టరు ఫీజుకీ మాత్రం విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వలేదు. ముందునుంచీ ఉన్న జబ్బు అట. తొమ్మిదేళ్లు అని మేమే ఫారంలో రాశాం, వాదించడానికేముంది? తల్లిదండ్రుల్ని పిలిపించుకునేవాళ్లు ఆ కాగితంలోని చిన్న అక్షరాలు టికెట్ కొనకముందే చదవండి.

మొదటి రెండు నెలలు నాలుగు రకాల మాత్రలు. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని నేను ముందే చెప్పడం మర్చిపోయాను, అమ్మ భయపడి ఒక పూట అన్నం తినలేదు. కాలేయం పరీక్ష, కంటిచూపు పరీక్ష నెలనెలా. రిఫాంపిసిన్ వేరే మందుల బలాన్ని తగ్గిస్తుంది, అమ్మ బీపీ ఒక్కసారిగా పెరిగింది, ఆ మాత్ర మార్చాల్సి వచ్చింది. రోజూ పొద్దున ఫోన్ కెమెరా ముందు మాత్రలు మింగి చూపించాలి. రెండోవారానికి అమ్మ ఆ నర్సుతో, నమస్తే చెప్పించి, తను గుడ్ మార్నింగ్ చెప్పే దాకా వచ్చింది.

జూలై మధ్యలో డాక్టరు చూసింది. అంచు చదునైంది, ఎరుపు తగ్గింది, కొత్తగా పాకింది లేదు. నాలుగైదు వారాల్లో! తొమ్మిదేళ్లలో ఏ ట్యూబూ చేయనిది. నెలాఖరుకి కల్చర్ చివరి రిపోర్టు వచ్చింది. ఏమీ పెరగలేదు. నాన్న ఆ కాగితం నా వైపు తోసి, "ఇప్పుడేమంటావు?" అన్నారు. నేను మచ్చ ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ కొంచెం వెలితిగానే ఉంది. ఎక్కడా ఎర్రగా "దొరికింది" అని రాసిన కాగితం ఒక్కటీ లేదు మా దగ్గర. చర్మ క్షయలో చాలామందికి ఇంతేనట.

సెప్టెంబర్ మధ్యలో ఆరు నెలల గడువు అయిపోయి వెళ్లిపోయారు. కౌంటీవాళ్లు ఇచ్చిన కాగితాలన్నీ పట్టుకుని అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు రాయించుకోవాలి. అక్కడ మందులు ఊరికే ఇస్తారు, పోషణకని నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో వేస్తారు, 2024 నవంబర్ ముందు అది అయిదువందలు ఉండేది. నాన్న ప్రైవేటుగా ఎక్కడైనా పక్క ఊళ్లో కొనుక్కుందామన్నారు, ఎవరి కంటా పడకుండా. అమ్మ వినలేదు. ఆటోలో తనే వెళ్లి వరసలో నిలబడింది. అక్కడ మెడకింద గడ్డలు చితికి కారుతున్న ఎనిమిదేళ్ల పిల్లని చూసిందట. మన పెద్దవాళ్లు గండమాల అనేవారే, అది కూడా చర్మానికి వచ్చే క్షయలో ఒక రకమే, మెడ గ్రంథుల్లోంచి పైకి పాకేది. పిల్లల్లో ఎక్కువ. ఆ తల్లి ఆరు నెలలుగా పసరు కట్టు కట్టిస్తోందట. అమ్మ తన కాలు చూపించింది ఆవిడకి. వరసలోనే, చీర కొంచెం పక్కకి తీసి. తొమ్మిదేళ్లు కొడుక్కి సరిగా చెప్పని మనిషి!

ఇప్పుడు అయిదో నెల నడుస్తోంది, డిసెంబర్ మొదట్లో అయిపోతాయి మాత్రలు. మచ్చ మచ్చగా మిగులుతుంది, చర్మం మామూలు కాదు, అది ముందే చెప్పారు. ప్రతి ఆదివారం నాన్న దాని పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపుతారు, నేను స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తాను. ఏడు వారాలుగా ఒకే అంకె ఉండాలి, కానీ పోయిన వారం అకస్మాత్తుగా తొమ్మిది కాస్తా మూడున్నర అయింది. ఫోన్ చేసి అడిగితే తెలిసింది, ఆయన స్కేలుని అంగుళాల వైపు పెట్టారు.